అంతరిక్షం: గాలి ఉండే చోటా, గాలి అయిపోయిన చోటా?

అనువాదకురాలు:

అందరికీ నమస్కారం. పిల్లల కోసం సైన్సు పాఠాలు తెలుగులో రాస్తుంటాను. నిన్న ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నా అది ముందుకు కదల్లేదు. వాక్యం ఇది: "భూమి ఎక్కడ ముగుస్తుంది, అంతరిక్షం ఎక్కడ మొదలవుతుంది?"

చిక్కు సైన్సుతో రాలేదు, మాటతో వచ్చింది. రాసింది పైకి చదువుకుంటుంటే శాంతిమంత్రం గుర్తొచ్చింది. "ద్యౌః శాంతిః, అంతరిక్షం శాంతిః, పృథివీ శాంతిః." పైన ద్యులోకం, కింద పృథివి, ఆ రెంటి నడుమ అంతరిక్షం. భూః, భువః, సువః అన్నా అంతే కదా, భువర్లోకమంటే అంతరిక్షమే అని చెబుతారు. అలాగైతే అంతరిక్షం భూమికి ఆనుకునే ఉంది. అరికాలు ఎత్తితే చాలు, ఆ కింద ఏర్పడిన సందులోనే అది మొదలైపోయింది. నేలకి జానెడు ఎత్తున ఎగిరే సీతాకోకచిలుక కూడా అంతరిక్షంలో ఉన్నట్టే.

మరి పాఠంలో పిల్లలకు చెప్పాల్సింది వంద కిలోమీటర్లు. ఒకే మాట అరికాలి దగ్గరా మొదలవుతుంది, వంద కిలోమీటర్ల పైనా మొదలవుతుంది అంటే ఎలా? ఇంతకీ ఇది సరైన మాటేనా? రోదసి అని రాస్తే నయమా? పెద్దలు చెప్పండి.

సంస్కృతం మాస్టారు:

అమ్మా, మంచి చోట ఆగారు. మీకు తట్టింది నిజమే.

వేదంలోని మాటలకు అర్థం చెప్పే పాత గ్రంథం నిరుక్తంలో యాస్కుడు దేవతలను మూడు చోట్లకు పంచాడు. అగ్నిది భూమి, సూర్యుడిది ద్యులోకం, వాయువుది అంతరిక్షం (ఇంద్రుడిదని కూడా చెప్పుకోవచ్చన్నాడు). అంటే అంతరిక్షం గాలి కాపురముండే చోటు. వాన, మెరుపు, పక్షి, గాలి అన్నీ అక్కడివే. మాట పుట్టుక చూసినా ఇదే తేలుతుంది. 'అంతర్' అంటే నడుమ. నడుమ కనిపించేది అని కొందరు, నడుమ నిలిచి ఉన్నది అని కొందరు వ్యుత్పత్తి చెబుతారు. ఏది తీసుకున్నా 'నడుమ' పోదు. నడుమ అన్నాక అటొకటీ ఇటొకటీ ఉండాలి.

ఈ రోజు మనం ఆ మాటను ఎక్కడ వాడుతున్నాం? గాలి అయిపోయిన చోట. వాయుదేవుడి ఇంటిపేరు తీసుకెళ్లి ఆయన అడుగుపెట్టలేని చోటికి పెట్టాం.

ఆకాశం సంగతి దీనికి సరిగ్గా తిరగబడింది. పంచభూతాల్లో ఆకాశం వేరు, వాయువు వేరు. "ఆకాశాద్వాయుః" అంటుంది తైత్తిరీయ ఉపనిషత్తు, ఆకాశం ముందు, దాన్నుంచి గాలి. శాస్త్రంలో ఆకాశమంటే చోటు, ఏ వస్తువుకైనా ఉండడానికి తావిచ్చేది. 'అవకాశం' అన్న మాట దాని దగ్గరి చుట్టమే. వేదాంతులు ఘటాకాశం, మఠాకాశం అంటారు, కుండలోని చోటు, మఠంలోని చోటు అని. కుండ పగిలితే లోపలి ఆకాశం వెలుపలి ఆకాశంలో కలిసిందంటాం గాని, నిజానికి అది విడిగా ఉన్నదెప్పుడు? హద్దు కుండదే, ఆకాశానిది కాదు.

అంటే ఇంగ్లీషువాళ్లు స్పేస్ అనేదానికి శాస్త్రం ప్రకారం సరిపోయే మాట ఆకాశం. గాలీ మబ్బూ ఉన్న పై భాగానికి సరిపోయేది అంతరిక్షం. వాడుకలో ఈ రెండూ ఒకదాని చోట్లోకి ఒకటి వెళ్లాయి. ఇప్పుడు ఆకాశమంటే మబ్బులున్నది, అంతరిక్షమంటే మబ్బులు లేనిది.

రోదసి ఇంకా చిత్రం. సంస్కృతంలో 'రోదసీ' ద్వివచనం. దానర్థం భూమీ ఆకాశమూ రెండూ కలిపి. "రోదసిలోకి వెళ్లాడు" అంటే పాత అర్థంలో ఎక్కడికీ వెళ్లనట్టే, పుట్టిన దగ్గర్నుంచీ అందులోనే ఉన్నాడు కదా.

కొత్త సభ్యుడు:

మేడమ్, మాస్టారి వివరణ బాగుంది గాని పిల్లల పాఠానికి ఇంత లోతు అవసరమా? నిఘంటువుల్లో ఆకాశం, గగనం, అంతరిక్షం అన్నీ ఒకటే అర్థం కదా. ఇక హద్దంటారా, 100 కిలోమీటర్లని ప్రపంచమంతా ఒప్పుకుంది. అది రాసేయండి, అయిపోతుంది.

సంస్కృతం మాస్టారు:

నాయనా, నిఘంటువు మాట సరే. అమరకోశమే "నభోఽంతరిక్షం గగనమనంతం సురవర్త్మ ఖం" అని అన్నీ ఒక తాటి మీద కట్టింది. కవికి అలాగే కావాలి, ఛందస్సులో ఏది ఇమిడితే దాన్ని వాడుకుంటాడు. కానీ పర్యాయపదాలన్నీ ఒకే పని చెయ్యవు. 'ఖం'లో వెళ్లేది ఖగం, పక్షి. అదే 'ఖం' నుంచి ఖగోళం వచ్చింది, అందులో పిట్ట ఒక్కటీ లేదు. ఒకే అక్షరం పిచ్చుక దగ్గరా ఉంది, నక్షత్రం దగ్గరా ఉంది. కాలం వచ్చినప్పుడు ఏ మాటకు ఏ పని అప్పగించామన్నదే చూడాలి.

వంద కిలోమీటర్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పాలి.

ఫిజిక్స్ లెక్చరర్:

నేను చెబుతాను. ప్రపంచమంతా ఒప్పుకుందనడం సరికాదు. ఎందుకు కాదో చెప్పాలంటే ఆ అంకె ఎలా వచ్చిందో చూడాలి.

విమానం గాలి మీద ఆనుకుని ఎగురుతుంది. రెక్క కింద గాలి ఎంత చిక్కగా ఉంటే అంత తేలిగ్గా లేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, కాబట్టి అదే బరువు మొయ్యాలంటే ఇంకా జోరుగా పోవాలి. ఇంకా పైకి వెళ్తే ఇంకా జోరు. ఇలా వేగం పెంచుకుంటూ పోతే ఒక ఎత్తు దగ్గర ఒక విశేషం జరుగుతుంది. రెక్కల మీద నిలబడటానికి కావలసిన వేగం, రెక్కలే లేకుండా భూమి చుట్టూ కక్ష్యలో తిరగడానికి కావలసిన వేగం సమానమైపోతాయి. సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్లు. ఆ వేగం వచ్చాక రెక్క ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. గాలి మీద ఆనడం అక్కడితో సరి, ఆ పైన కక్ష్యే మోస్తుంది. ఆ ఎత్తునే హద్దు అనుకోవచ్చు అన్న ఆలోచన థియోడర్ ఫన్ కార్మాన్‌ది. 1881లో బుడాపెస్ట్‌లో పుట్టిన ఇంజనీరు. అందుకే దాన్ని కార్మాన్ రేఖ అంటాం.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటుంది. ఆ పేరుతో తొలిరోజుల్లో లెక్కకట్టిన ఎత్తు 100 కాదు, సుమారు 84 కిలోమీటర్లు. విమాన, వ్యోమయాన రికార్డులు నమోదుచేసే అంతర్జాతీయ సమాఖ్య, ఎఫ్‌ఏఐ, 100ని తీసుకుంది. గుర్తుపెట్టుకోవడానికి వీలైన గుండ్రని అంకె. అమెరికా వైమానిక దళం 50 మైళ్లని పెట్టుకుంది, అంటే 80 కిలోమీటర్ల పైచిలుకు. అదీ మైళ్లలో గుండ్రని అంకే! ఏ కొలబద్ద చేతిలో ఉంటే ఆ కొలబద్దలో గుండ్రంగా వచ్చిన చోట హద్దురాయి నాటారు.

దీనివల్ల మనుషులకు ఏం జరిగిందో చూడండి. 1960లలో ఎక్స్-15 అనే రాకెట్ విమానాన్ని నడిపినవాళ్లలో ఎనిమిది మంది 50 మైళ్లు దాటారు. వాళ్లలో వైమానిక దళం ఉద్యోగులకు వ్యోమగామి రెక్కల పతకం అప్పుడే ఇచ్చారు. అదే విమానం, అదే ఎత్తు, కానీ నాసా తరఫున నడిపిన ముగ్గురు పౌరులకు ఇవ్వలేదు. వాళ్లకు 2005లో ఇచ్చారు. అప్పటికి ముగ్గురిలో ఇద్దరు చనిపోయారు. ఆ ఇద్దరిలో ఒకరు జో వాకర్. 1963లో ఆయన 100 కిలోమీటర్లు కూడా దాటాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. ఏ కొలత ప్రకారం చూసినా వెళ్లొచ్చిన మనిషి. నాకు ఇది చదివినప్పుడల్లా బాధగా ఉంటుంది.

2018లో జొనాథన్ మెక్‌డవెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఉపగ్రహాల కక్ష్యల పాత లెక్కలన్నీ తిరగేసి, హద్దును 80 కిలోమీటర్లకు దించడం సబబని ఒక పత్రం రాశాడు. సాగిన కక్ష్యల్లో తిరిగే కొన్ని ఉపగ్రహాలు 100 కంటే కిందికి దిగి కూడా పడిపోకుండా మళ్లీ పైకి లేచి తిరిగాయి. 80కి దిగువకు వస్తే మాత్రం ఇక బతకవు.

2021 జులైలో ఇది మామూలు పాఠకుల దాకా వచ్చింది. ఆ నెల 11న రిచర్డ్ బ్రాన్సన్, శిరీష బండ్ల వెళ్లిన వాహనం సుమారు 86 కిలోమీటర్ల ఎత్తు చేరింది. 20న జెఫ్ బెజోస్ వెళ్లింది 100 దాటింది. మొదటివాళ్లు అంతరిక్షానికి వెళ్లినట్టా, అంచుదాకా వెళ్లినట్టా అని ఎంత చర్చ నడిచిందో మీకు గుర్తుండే ఉంటుంది. నా మట్టుకు నాకు వాళ్లు వెళ్లారు. 80 దగ్గర ప్రకృతి చూపించే ఆధారం ఉంది, 100 దగ్గర ఉన్నది మన సౌకర్యం.

కొత్త సభ్యుడు:

ఇది నాకు తెలియదు సార్. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఒక సందేహం. దేశాల మధ్య ఒప్పందాల్లోనైనా ఎక్కడో ఒకచోట రాసుకుని ఉండాలి కదా?

లా చదివిన సభ్యుడు:

రాసుకోలేదండి. 1944 షికాగో ఒప్పందం ప్రకారం ప్రతి దేశానికీ తన నేల మీది గగనతలంపై పూర్తి అధికారం ఉంది. ఎంత ఎత్తువరకు? ఆ మాట అందులో లేదు. 1967 ఒప్పందం ప్రకారం బాహ్యాంతరిక్షం ఏ దేశానికీ సొంతం కాదు. ఎంత ఎత్తునుంచి? ఆ మాట ఇందులో లేదు. కింద ఒకరి సొత్తు, పైన ఎవరి సొత్తూ కాదు, నడుమ గట్టు మాత్రం వెయ్యలేదు. ఐక్యరాజ్యసమితిలో దీనికోసమే ఉన్న సంఘం 1960ల నుంచి మాట్లాడుతూనే ఉంది. గీత గీస్తేనే తగవులు రావని కొన్ని దేశాలు, గియ్యకపోవడమే మేలని అమెరికా లాంటివి.

హద్దు లేకపోతే ఏమవుతుందో 1976లో తెలిసింది. భూమధ్యరేఖ మీది ఎనిమిది దేశాలు బొగోటాలో కలుసుకుని, తమ నేలకు నేరుగా పైన, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న భూస్థిర కక్ష్య (ఉపగ్రహం నేల మీది ఒకే చోటికి పైన నిలిచినట్టుండే కక్ష్య) ముక్కలు తమవేనని ప్రకటించాయి. మిగతా ప్రపంచం ఒప్పుకోలేదు. కానీ వాళ్ల వాదనను కొట్టెయ్యడానికి "అది అంతరిక్షం, మీది కాదు" అనాలంటే, అంతరిక్షమంటే ఏమిటో ఎక్కడా రాసి లేదు మరి.

మాట విషయానికొస్తే, 'బాహ్యాంతరిక్షం' చూసినప్పుడల్లా నాకు కాలికి రాయి తగిలినట్టుంటుంది. అంతర్ అంటే నడుమ, బాహ్యం అంటే వెలుపల. వెలుపలి నడుమ!

అనువాదకురాలు:

వెలుపలి నడుమ! సరిగ్గా పట్టుకున్నారు. ఒకటి గమనించారా, 'బాహ్య' అని చేర్చినప్పుడు మాట తన పాత అర్థాన్ని తనే ఒప్పుకుంటోంది. వెలుపలి అంతరిక్షం అన్నామంటే లోపలి అంతరిక్షం ఒకటి ఉందన్నట్టే. గాలి ఉన్నది లోపలిది, గాలి లేనిది వెలుపలిది. చట్టంవాళ్లు తెలిసి పెట్టారో తెలియక పెట్టారో గాని వేదం నాటి అర్థానికి చోటు మిగిల్చారు.

గగనతలం కూడా చూడండి. పేపర్లో "గగనతలం మూసేశారు" అంటే విమానాలు తిరిగే పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తు అని అందరికీ అర్థమవుతుంది. అదే గగనం గగన్‌యాన్‌లోకి వచ్చేసరికి 400 కిలోమీటర్ల ఎత్తు కక్ష్య అయింది. తలం అతికిస్తే కిందికి దిగింది, యానం అతికిస్తే పైకి పోయింది. మాటకు సొంత ఎత్తంటూ ఏమీ లేదు, పక్కన వచ్చి చేరే మాట దాన్ని ఎత్తుతుందో దించుతుందో అన్నట్టుంది.

ఒక సభ్యురాలు:

అందరూ సంస్కృతం మాటలే తిప్పుతున్నారు. మిన్ను, నింగి ఏం పాపం చేశాయి? తెలుగులో హద్దు ఎక్కడుందో తెలుగు మాటల్ని అడగొద్దా?

అనువాదకురాలు:

అడగాలండి. మీరు అన్నాక చాలాసేపు ఆలోచించాను.

మిన్ను కంటితో ముడిపడ్డ మాట. "కన్నూ మిన్నూ కానక" అంటాం. ఎదురుగా ఉన్నదీ పైనున్నదీ రెండూ కనిపించనంత పొగరు. "మిన్ను విరిగి మీద పడ్డా" అంటాం, అది గట్టి పైకప్పు అన్నట్టు, విరగడానికి వీలున్నట్టు. "మిన్నంటాయి" అంటాం, చెయ్యి చాస్తే తగిలేది అన్నట్టు. అంటే మిన్ను ఒక పై అంచు. దానికి లోపల అనేది తక్కువ. మనం తాకుతాం, అంటుతాం, చూస్తాం, కానీ మింట్లో కాపురం పెట్టం.

నింగి ఎప్పుడూ నేలతో జంటగా వస్తుంది, నింగీ నేలా. రెంటి నడుమ ఇంకోదానికి చోటు లేదు. నేల అయిపోయిన చోట నింగి, అంతే. శాంతిమంత్రంలో మూడు అంతస్తులుంటే తెలుగులో రెండే.

ఇంకోటి. రాకెట్ వార్త ఎప్పుడైనా నిదానంగా చదవండి. "నింగిలోకి దూసుకెళ్లింది" అని మొదలవుతుంది. కాసేపటికి "అంతరిక్షంలోకి చేరింది" అనో "కక్ష్యలోకి చేరింది" అనో వస్తుంది. "నింగిలోకి చేరింది" అని ఎవరూ రాయరు. బయలుదేరడం నింగిలోకి, చేరడం అంతరిక్షంలోకి. విలేకరి ఏ గీతా గియ్యలేదు, ఎత్తూ చెప్పలేదు. కానీ దూసుకెళ్లడానికీ చేరడానికీ మధ్య ఎక్కడో వాహనం హద్దు దాటింది. మన భాష ఆ హద్దును కిలోమీటర్లతో కాకుండా క్రియాపదంతో చెబుతోంది. ఇది గమనించాక నాకు కొంత నెమ్మది చిక్కింది.

ఒక సభ్యురాలు:

బాగుంది! అయితే పోతన వామనుణ్ణి కూడా పిలవండి. "ఇంతింతై" పద్యంలో ఆయన పెరిగే వరస చూడండి. నభోవీధి, ఆ పైన తోయదమండలం, అంటే మబ్బులు, ఆ పైన ప్రభారాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం. ఒక్కో చోటికీ 'అంతై' 'అంతై' అని ఎత్తుకుంటూ పోతాడు గాని ఇక్కడితో భూమి అయిపోయింది, ఇక్కడ ఆకాశం మొదలైంది అని చెప్పడు. పాదం మాత్రం నేల మీదే ఉంది.

ఫిజిక్స్ లెక్చరర్:

మేడమ్, ఈ పద్యం మీరు తేవడం నాకెంత ఆనందంగా ఉందో చెప్పలేను. వాతావరణం కూడా సరిగ్గా 'ఇంతింతై' అనే వరసలోనే పలచబడుతుంది. ఎక్కడా తెగదు. ప్రతి 16 కిలోమీటర్లకూ పీడనం ఇంచుమించు పదో వంతుకు పడిపోతుంది. మళ్లీ 16 ఎక్కితే దానిలో పదో వంతు. వంద కిలోమీటర్ల దగ్గర గాలి ఇక్కడికంటే 20 లక్షల రెట్లకు పైగా పలచన, అయినా ఉంది. 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి ఆ కాస్త గాలే రాసుకుని, నెలకు సుమారు రెండు కిలోమీటర్లు కిందికి లాగుతుంది. ఎప్పటికప్పుడు ఇంజన్లు మండించి పైకి ఎత్తుకోవాలి. పేరు అంతరిక్ష కేంద్రం, ఉన్నది మాత్రం గాలిలోనే!

పైగా ఆ గాలి కదలకుండా ఉండదు. సూర్యుడు ఉద్ధృతంగా ఉన్న కాలంలో పై వాతావరణం వేడెక్కి ఉబ్బుతుంది. అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ అనుకున్నదానికంటే ముందే, 1979 జులైలో కూలడానికి ఇదే కారణం. అది దిగలేదు, గాలే పైకొచ్చి దాన్ని అందుకుంది.

ఇక చివర ఎక్కడ? భూమి నుంచి వెళ్లిన హైడ్రోజన్ పరమాణువుల పలచని మబ్బు ఒకటి మన చుట్టూ ఉంది. సూర్యుణ్ణి గమనించే సోహో వ్యోమనౌక పాత కొలతల్ని మళ్లీ పరిశీలించి 2019లో తేల్చిందేమిటంటే, అది కనీసం 6 లక్షల 30 వేల కిలోమీటర్ల దాకా ఉంది. చంద్రుడున్నది 3 లక్షల 84 వేల కిలోమీటర్ల దూరాన. అంటే చంద్రుడు భూమి వాతావరణం లోపలే తిరుగుతున్నాడు. అక్కడ ఘన సెంటీమీటరుకు ఒక్క పరమాణువు కూడా సరిగ్గా ఉండదు, ఐదు ఘన సెంటీమీటర్లు వెతికితే ఒకటి దొరుకుతుంది. కానీ ఆ ఒకటి భూమిదే.

కాబట్టి భూమి ఎక్కడ అయిపోతుందంటే, చంద్రుడి అవతల అన్నా నేను కాదనలేను.

సంస్కృతం మాస్టారు:

చంద్రుడు కూడా భూమి ఆవరణలోనే ఉన్నాడన్నమాట. ఇప్పుడు 'వాతావరణం' మాట కొత్తగా వినబడుతోంది నాకు. వాత ఆవరణం, గాలితో చుట్టిన కప్పు. తెలుగులో 'ఆవరణ' అంటే ఇంటి చుట్టూ ఉండే ఖాళీ జాగా కూడా. ఇల్లెక్కడ అయిపోయింది అని అడిగితే ఒకరు గోడ చూపిస్తారు, ఒకరు ఆవరణ కూడా ఇల్లే అంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. అమ్మా, మీ వాక్యంలో 'భూమి' ఏ అర్థంలో ఉందో ముందు తేల్చుకోండి. భూమి అంటే నేల అయితే అరికాలి దగ్గర అయిపోయింది. భూమి అంటే ఆవరణతో సహా అయితే లెక్చరర్ గారు చెప్పినంత దూరం.

అనువాదకురాలు:

మాస్టారూ, ఇన్ని రోజులూ 'అంతరిక్షం' ఒక్కటే ఇబ్బంది పెడుతోందనుకున్నాను. అసలు 'భూమి' కూడా తేల్చుకోలేదని మీరు చెప్పేదాకా తట్టలేదు.

ఇప్పుడు నా నిర్ణయాలు చెబుతాను, తప్పయితే దిద్దండి.

అంతరిక్షం మాటే ఉంచుతాను. రోదసికి మారను, దాన్లో భూమి కూడా ఉంది కాబట్టి "భూమి అయిపోయి రోదసి మొదలైంది" అంటే మరీ అసంబద్ధం. వాడేవాళ్లను తప్పుపట్టను, మాట ఎప్పుడో స్థిరపడింది. కానీ ఈ ఒక్క వాక్యంలో మాత్రం రోదసి ఇమడదు. అంతరిక్షానికి పాత అర్థం పోయిందని కూడా నేననుకోను. దాన్లో 'నడుమ' ఇంకా ఉంది. ఒకప్పుడు నేలకీ దేవలోకానికీ నడుమ, ఇప్పుడు భూమికీ మిగతా గ్రహాలకీ నడుమ. నడుమ సాగింది, అంతే.

రెండోది 'రేఖ'. కార్మాన్ రేఖ అన్నది పేరు కాబట్టి పేరుగా ఉంచుతాను. వివరించేటప్పుడు మాత్రం రేఖ, గీత అనను. భూమధ్యరేఖ కూడా కంటికి కనబడనిదే, కానీ అది భూమి తిరిగే తీరు నిర్ణయించిన చోటు, మనం జరపలేం. ఇది అలాంటిది కాదు. పిల్లవాడు 'గీత' అని చదివితే ఇటు గాలి, అటు గాలి లేదు అని బొమ్మ గీసుకుంటాడు. ఒకసారి మనసులో పడ్డ బొమ్మ చెరపడం ఎంత కష్టమో పాఠాలు చెప్పేవాళ్లందరికీ తెలుసు.

'హద్దు', 'ఎల్ల', 'అంచు' అన్నీ రాసి చూశాను. అంచు అంటే అక్కడితో వస్తువే అయిపోవాలి, గాలి అయిపోవడం లేదు. ఎల్ల మంచి మాట, కానీ "ఎల్లలు లేని" అన్న పలుకుబడిలో తప్ప పిల్లలకు ఇప్పుడు వినబడటం లేదు. చివరికి 'పొలిమేర' దగ్గర నిలిచాను. అందులో ఉన్న 'మేర' నాకు నచ్చింది. మేర అంటే హద్దూ అవును, "ఇరవై కిలోమీటర్ల మేర" అన్నప్పుడు పరపూ అవును. మనకు కావలసింది సరిగ్గా అదే, 80 నుంచి 100 దాకా ఇరవై కిలోమీటర్ల మందం ఉన్న హద్దు. పైగా పొలిమేర ప్రకృతి పెట్టేది కాదు, ఇటువాళ్లూ అటువాళ్లూ కలిసి అనుకునేది.

ఫిజిక్స్ లెక్చరర్:

పొలిమేరకు నా ఓటు. ఒక్క మాట కలుపుతాను, కుదిరితే పాఠంలో పెట్టండి. ఈ పొలిమేరను కళ్లతో చూడొచ్చు. చుక్క రాలడం పిల్లలు చూసే ఉంటారు. సెకనుకు పదుల కిలోమీటర్ల వేగంతో వచ్చే చిన్న రాతి నలుసు, ఇసుక రేణువంతదైనా సరే, అంతదాకా తగలని గాలి ఒక్కసారిగా తగిలి భగ్గుమంటుంది. చాలావాటికి ఆ వెలుగు పుట్టేది నూరు కిలోమీటర్ల అటూ ఇటూ, ఆరిపోయేది 80 చుట్టుపక్కల. వెలుగు గీతకు ఆ కొన మొదలు, ఈ కొన ఆఖరు. సరిగ్గా మీ ఇరవై కిలోమీటర్లే. కార్మాన్ లెక్కతో దీనికి సంబంధం లేదు, కానీ గాలి అనేది ఎక్కడ 'ఉంది' అనిపిస్తుందో ఆ నలుసుకు బాగా తెలుసు.

అనువాదకురాలు:

సార్, మీ చుక్కతోనే పాఠం మొదలుపెట్టాను. ఇదిగో రాసింది:

"రాత్రిపూట చుక్క రాలడం చూశారా? అది చుక్క కాదు, ఎక్కడో దూరం నుంచి వచ్చిన చిన్న నలుసు. ఇంతదాకా దానికి గాలి తగిలినట్టే లేదు. మన గాలి తగలగానే వెలిగింది. అది వెలిగి ఆరిన ఆ మేరనే భూమికి పొలిమేర అనుకోవచ్చు. కొందరు దాన్ని 80 కిలోమీటర్ల ఎత్తున పెట్టారు, కొందరు 100 అన్నారు. అక్కడ గోడ లేదు, గీత లేదు. గాలి ఆ పైన కూడా కొంచెం కొంచెంగా ఉంది, చంద్రుడి దాకా, చంద్రుడు దాటి కూడా ఉంది. ఆ పొలిమేర దాటాక అంతరిక్షం మొదలవుతుంది."

సంస్కృతం మాస్టారు:

బాగుందమ్మా. ఆఖరి వాక్యంలో ఒక్క మార్పు. 'మొదలవుతుంది' తీసేసి 'మొదలైందని అంటాం' అని పెట్టండి.

అనువాదకురాలు:

పెట్టాను మాస్టారూ. "ఆ పొలిమేర దాటాక అంతరిక్షం మొదలైందని అంటాం."